కాలవకు కప్పిన శాలువా

చెన్నై పెరంబూరులో మా వీధి చివర వాననీటి కాలవకు చెత్త అడ్డం పడితే నీళ్లు మొదట వచ్చేది మా ఇంట్లోకే. అందుకని ఏటా వానాకాలం ఇనప కమ్మీతో ఆ చెత్త నేనే లాగేవాణ్ణి. అది సేవ కాదు, గత్యంతరం లేక చేసిన పని. బడి మొహం చూడనివాణ్ణి, అంగళ్ల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నది ఆ కాలవను వెడల్పు చేయమని అర్జీలు రాయడానికేనా అనిపించేది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

పోయిన ఏడు నగరం నన్ను మంచి పౌరుడని అవార్డుకు పిలిచింది. వేదికెక్కి కాలవ సంగతి అడుగుదామనుకున్నాను. చేతులు రెండూ లోపలే ఉండిపోయేటట్టు శాలువా చుట్టి, ఫొటో తీసి, అవతలి మెట్ల మీదుగా దింపేశారు.

ఈ ఏడు వానలకు ముందే వార్డు ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి తెలుగువాడే, నవ్వాడు.

"ఏం సార్, ఆ కాలవ మీరు చూసుకుంటా ఉండారనే కదా అవార్డు ఇచ్చినాం. మళ్లీ మేమెందుకు ఆడికి?"

నిన్న పొద్దున వాన పట్టుకుంది. మోకాళ్ల నొప్పితో లేవలేక పడుకుని ఉన్నాను. ఎదురింటావిడ నా కమ్మీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"తాతా, శాలువా కప్పినోళ్లు వస్తారా ఏంది? సీక్రం లెయ్, ఈడ నీళ్లు ఎక్కతా ఉండాయి."

"కమ్మీ నీ చేతిలోనే ఉంది కదమ్మా."

"అవార్డు నీది గదా తాతా."

ఆమెకేం, ఆమె ఇల్లు మెరక మీద ఉంది. నా మంచం కింద అప్పటికే తడి. లేచి కమ్మీ అందుకున్నాను.