సాత్తూరు బస్సులో నా రహస్య భాష

మత్తుమందుల నిరోధక దళంలో పనిచేసే ఒక మహిళా కానిస్టేబుల్, ఒకే ఒక్క మాటతో పోలీసు రహస్యాన్ని బస్సెడు జనానికి పంచిపెట్టిన కథ ఇది. ఆ మహానుభావురాలు ఎవరని అడక్కండి. ఇది రాస్తున్నది ఆవిడే.

తమిళనాడులోని విరుదునగర్‌లో ఆ దళంలో చేరినప్పుడు నేనొక్కదాన్నే ఆడదాన్ని. జీపు బయల్దేరిన ప్రతిసారీ మా ఇన్‌స్పెక్టరు, "నువ్వు ఇక్కడే ఉండమ్మా. ఆడవాళ్ళెవరైనా దొరికితే సోదా చెయ్యడానికి పిలుస్తాం" అనేవారు. నెలలు గడిచాయి, ఒక్క ఆడదీ దొరకలేదు. జిల్లాలో ఏ మహాతల్లయినా గంజాయి అమ్మడం మొదలుపెడితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకునే దశకి వచ్చాను.

ఆడవాళ్ళని కూడా మగవాళ్ళతో సమానంగా ఫీల్డుకి పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని ఆముదం తాగిన మొహంతో చదివి నన్ను పిలిచారు.

"నువ్వూ మన కానిస్టేబుల్ సెల్వమూ మొగుడూపెళ్ళాల్లాగా కోవిల్‌పట్టిలో బస్సెక్కండి. నీలం చొక్కావాడు సంచీతో ఎక్కుతాడు. వాణ్ణి ముట్టుకోవద్దు. విరుదునగర్‌లో సరుకు అందుకునేవాడు మనకి కావాలి. ఇది చెడిందంటే పైవాళ్ళకి ఏమని రాస్తానో తెలుసుగా?"

"తెలుసయ్యా. ఆడవాళ్ళు పనికిరారని."

బస్సెక్కాం. సెల్వం నా పక్కన ఇంజెక్షను కోసం కూర్చున్నవాడిలా బిగుసుకుపోయి, రెండు చేతులా వేరుశెనగ చిక్కీ తింటున్నాడు. నీలం చొక్కా మా ముందు సీట్లో సంచీ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అంతా సాఫీగా సాగిపోతోంది.

సాత్తూరులో మా మేనత్త ఎక్కింది.

దోసకాయల మూటని దారికి అడ్డంగా పడేసి, నన్ను చూసి, నా పక్కన సెల్వాన్ని చూసింది. "ఎవురే ఈ మనిషి?"

నేను నోరు తెరిచేలోగా సెల్వం, ఇన్‌స్పెక్టరు నేర్పించిన పాఠం ప్రకారం, తమిళంలో అన్నాడు. "నేను ఈమె భర్తనండీ."

అత్త మొహం మాడిపోయింది. సెల్‌ఫోను తీసింది. "ఉండు, మీ అమ్మని అడగతాను. మాకు ఒక మాట చెప్పకుండా పెండ్లి చేసినారా?"

ఇక్కడే నా తెలివి పనిచేసింది. తమిళంలో చెబితే బస్సంతటికీ తెలుస్తుంది. అందుకని మా ఇంటి తెలుగులో, ఇంజను రొదని మించిన గొంతుతో చెప్పాను.

"ఫోను లోపల పెట్టు అత్తా. ఈయన మొగుడు కాదు, పోలీసు. ముందర నీలం చొక్కా సంచీలో గంజాయి ఉండాది. విరుదునగర్‌లో పట్టుకుంటాము."

ఆ చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో సగం ఇళ్ళలో మాట్లాడేది ఇదే తెలుగని నాకు ఆ క్షణంలో తట్టలేదు.

వెనకనుంచి ఒక ముసలాయన అడిగాడు. "ఏ సంచీ తల్లీ, ఎర్రదా, పచ్చదా?"

కండక్టరు కూడా తెలుగులోనే గొణిగాడు. "అందుకనేనా ఇంత వాసన."

నీలం చొక్కా మెల్లగా లేచి, అచ్చం మా ఊరి యాసలోనే అన్నాడు. "నేను ఇక్కడనే దిగతాను."

నా ఉద్యోగమూ, రాబోయే ఆడ కానిస్టేబుళ్ళందరి ఉద్యోగాలూ తలుపు వైపు నడిచిపోతున్నాయి. నేను కిటికీ పక్కన ఇరుక్కుపోయాను. సెల్వం అడ్డం లేవబోతే కాలు తిమ్మిరెక్కి మళ్ళీ సీట్లో కూలబడ్డాడు. దోసకాయల మూట దగ్గర మాత్రం మా అత్త కదల్లేదు.

"కూచో నాయినా, మనవాళ్ళ మాదిరి ఉండావే. ఏ ఊరు?"

ఊరు చెప్పాడు. ఎవరి కొడుకని అడిగింది, చెప్పాడు. అమ్మ పుట్టిల్లు చెప్పాడు. మా అత్త ముందు చెప్పనివాడు మా కులంలో ఇంకా పుట్టలేదు.

"విరుదునగర్‌లో ఎవరింటికి పోతాండావు?"

"మా బావ ఇంటికి."

"ఏ బావ? జిరాక్సు షాపు పెట్టినోడా, వడ్లమిల్లులో ఉండేవోడా?"

"జిరాక్సు షాపు బావే" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

నేను ఇన్‌స్పెక్టరుకి ఫోను చేశాను. బస్సు విరుదునగర్ బస్టాండుకి చేరేసరికి బావగారు జీపులో ఉన్నారు. అత్త దారిపొడుగునా కదలనివ్వని బావమరిదిని కూడా పక్కనే కూర్చోబెట్టాం.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు అన్నారు. "చూశావా, ఆడవాళ్ళ నోట్లో మాట దాగదు."

"అయ్యా, పోయిన నెల సెల్వం నిందితుడికే ఫోను చేసి, ఇంట్లో ఉన్నావా అని అడిగాడు. అది సెల్వం తప్పన్నారు. ఇది నా తప్పనండి. ఆడవాళ్ళందరి తప్పూ అనకండి."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. "సరేమ్మా. రేపు తిరుత్తంగల్‌లో పని ఉంది, నువ్వూ రా" అని, "మీ అత్తకి వయసెంత?" అన్నారు.

"అరవై దాటిందయ్యా."

"ప్చ్. రూలు ఒప్పుకోదు."

ఆ రోజే ఒట్టేసుకున్నాను. ఈ ప్రాణం ఉన్నంతవరకు రహస్యాన్ని తెలుగులో చెప్పను, తమిళంలోనూ చెప్పను. తప్పదంటే ఇంగ్లీషులో చెబుతాను. నా ఇంగ్లీషు నాకే అర్థం కాదు, ఇక నేరస్థుడికేం అర్థమవుతుంది.