ఎర్ర గట్టు మీద తెల్ల రాయి

నా చిన్నప్పుడు మేము కెనడాలో, ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి. ఇప్పుడు కాలేజీల కోసం వచ్చిన మన పిల్లలు ఈ దీవిలో బస్సెక్కినా దుకాణంలో నిలబడ్డా తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది, ఆ రోజుల్లో అమ్మకు ఒక్కరైనా లేకపోయారే అని బాధగానూ ఉంటుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. పదకొండు రోజులు బతికాడు. మనలో పసిబిడ్డల్ని దహనం చేయరు, మట్టిలో పెడతారు. ఆ ఊళ్లో ఉన్న శ్మశానం చర్చివాళ్లది. అక్కడ అడగడానికి నాన్న మొహమాటపడుతుంటే, పక్క పొలం ముసలాయన తనే వచ్చి తన బంగాళాదుంపల చేను చివర చోటిస్తానన్నాడు. నేను ఆయన్ని తాతయ్య అనేదాన్ని. ఆ మాటకు అర్థం చెప్పించుకున్న రోజు నుంచి ఆయన ఇంకో పేరుకు పలకలేదు.

చేను చివర నిటారుగా ఎర్రటి గట్టు, దాని కింద సముద్రం. అమ్మ అంచుకు దగ్గరగా ఒక చోటు చూపించి, "ఇక్కడ పెట్టండి, నీళ్ల దగ్గర ఉంటాడు" అంది. నీళ్ల పక్కన చోటంటే మనకు పుణ్యం. ఆ నీళ్లే నేలను తినేస్తాయని మాకెవరికీ తోచలేదు. తాతయ్య మాత్రం అంచుకు దూరంగా, ఇంకాస్త చేను వైపు పెడదామని నాన్నతో ఇంగ్లీషులో రెండుసార్లు అన్నాడు. నాన్న ఆ మాట అమ్మకు చెప్పలేదు. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషితో వాదన ఎందుకనుకున్నాడేమో. ఆ విషయంలో నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమే.

గుర్తుగా ఒక తెల్ల రాయి పెట్టారు. మంచు లేని నెలల్లో అమ్మ దాని మీద గ్లాసుడు పాలు పోసి, కాసేపు కూర్చుని వచ్చేది. నేను రాయి నుంచి అంచు దాకా అడుగులు లెక్కపెట్టేదాన్ని. ఎనిమిది. తర్వాతి వసంతంలోనూ ఎనిమిదే. సముద్రపు గట్లు ఏటేటా అరిగిపోతాయని బళ్లో టీచరు చెబితే, మా గట్టు అరగదని పోట్లాడాను కూడా.

ఆ మరుసటి ఏడు మంచు కరగ్గానే ఒక పొద్దున ఒక్కదాన్నే అక్కడికి వెళ్లాను. తాతయ్య మా రాయిని రెండు చేతులా దొర్లించుకుంటూ చేను వైపు తెస్తున్నాడు. కొత్త చోట దాన్ని కూర్చోబెట్టి, పారతో కోసి ఉంచిన గడ్డి పెళ్లలు చుట్టూ అతికించి, అరచేత్తో అదిమాడు. రాయి ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంది.

నన్ను చూసి తడబడ్డాడు. తర్వాత చెయ్యి పట్టుకుని దూరం నుంచే అంచు చూపించాడు. చలికాలం రాతి పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి రాతిని చీలుస్తాయట. మంచు వదిలాక అలలు అడుగున తోడేస్తే పైనున్న నేలంతా కూలిపోతుందట. తమ్ముణ్ని పెట్టిన చోటు మొదటి చలికాలపు తుఫానులోనే పోయిందని, ఆపడం తన వల్ల కాలేదని, అప్పటినుంచి రాయిని మాత్రం ఇలా చేను వైపు జరుపుతున్నానని చెప్పాడు. "మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. మట్టి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ నెల అమ్మ పాలు పోస్తుంటే నేను చూడలేకపోయాను. కింద ఏమీ లేని చోట కూర్చుని ఆమె తమ్ముడితో మాట్లాడుతోంది. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో.

ఆ చలికాలం తాతయ్య జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వసంతం వచ్చేసరికి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. గట్టు మీదికి పరుగెత్తి చూస్తే, అంచు రాయికి మూడడుగుల్లోకి వచ్చేసి ఉంది. అమ్మ చూడకముందే జరపాలని రాయిని పట్టుకుని పెనుగులాడుతుంటే, వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టి ఇవతలికి లాగారు. అమ్మ.

తిడుతుందనుకున్నాను. ఆమె వంగి, "నువ్వు ఆ పక్క పట్టుకో" అంది. ఇద్దరం దొర్లించాం. గడ్డి పెళ్లలు కూడా ఆమే తెచ్చి అతికించింది. నీకు తెలుసా అమ్మా అని అడిగాను.

"మొదటి ఏడే తెలిసింది. చేను చివరి సాలు దగ్గర్నుంచి రాయి దాకా నేనూ అడుగులు వేసుకునేదాన్ని. అవి తగ్గిపోయాయి."

మరి పాలెందుకు పోస్తున్నావంటే చేతులకంటిన మట్టి దులుపుకుంది. "ఆ పెద్దాయన నా కోసం అంత కష్టపడుతుంటే, వాడు అక్కడ లేడని నేనెలా అననే? నువ్వే జరిపానని చెప్పు ఆయనతో. నాకు తెలిసిందని మాత్రం అనకు" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ చోటు పోయిందని తెలిసీ దాచుకున్న రెండేళ్ల ఏడుపు అది. నేనూ ఆమెను పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి తాతయ్యకు చెప్పాను. మీ అమ్మ చూడలేదు కదా అని అడిగాడు. లేదన్నాను. ఆ నిమ్మళంతోనే ఆ వేసవిలో పోయాడు.

పోయిన ఏడాది మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న వరంగల్ అమ్మాయి నాయనమ్మ చనిపోయారు. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, "ఎగ్జామ్స్ అయ్యేదాంక జర చెప్పకండక్కా, పిల్ల ఆగమైతది" అన్నాడు. సరేనన్నాను. కాని చుట్టాల వాట్సాప్ స్టేటస్‌లను ఎవరాపగలరు? సాయంత్రం కిందికి వెళ్తే ఆ పిల్ల కళ్లు వాచి ఉన్నాయి.

"జలుబు చేసింది ఆంటీ" అంది. అంటూనే మోగుతున్న ఫోన్ ఎత్తి, నాయనమ్మ ఎట్లుంది అని వాళ్ల నాన్నను మామూలుగా అడిగింది.

ఎదుటివాళ్లు మన కోసం దాచినదాన్ని వాళ్ల కోసం తెలియనట్టు మోయడం ఎంత బరువో నేను పదకొండేళ్లకే చూశాను. ఆ బరువును ఎవరినీ ఒంటరిగా మోయనివ్వకూడదన్నదే నేను నేర్చుకున్నది. అందుకే నేనూ జలుబేననుకున్నట్టు మిరియాల చారు కాచి తెచ్చి, ఆ పిల్ల తాగేదాకా, తాగాక కూడా, పక్కనే కూర్చున్నాను.