ఆ రోజు నేను నవ్వలేదు

మా అత్తగారి శవం దగ్గర నేను నవ్వానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

డెబ్బై ఒకటిలో యుద్ధం జరుగుతున్న రోజులు. చిత్తూరులో పుట్టింట్లో ఉండగా అత్తగారు పోయారని తిరుపతి నుంచి కబురొచ్చింది. ముందురోజు నుంచి కుడి చెవి వెనక ఒకటే పోటు. పాకాల మీదుగా తిరుపతి చేరేదాకా రైలు కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. దిగి నీళ్లు తాగబోతే సగం రవిక మీద కారిపోయాయి. గాభరాలో పట్టించుకోలేదు.

మాలో శవాన్ని ఎత్తేముందు అయినవాళ్లు ఒక్కొక్కరే నోట్లో బియ్యం వేస్తారు. ఆడవాళ్లలో మొదటి పిడికిలి పెద్దకోడలిది, అంటే నాది. వంగి ఆమె ముఖం చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది. అదే నా కొంప ముంచింది. పెదవులు ఎడమవైపుకే లాగుకుపోయాయి. కుడి సగం కదలనే లేదు.

“మాయమ్మ సచ్చి పడుంటే నగతాండావా?” అని మా వదిన, మా ఆయన అక్క, నా మణికట్టు పట్టుకుంది.

“అమ్మతోడు” అనబోయాను. పెదవులు కలవక మాట గాలిగా పోయింది.

“సూడండి, ఇంకా మూతి వంకర తిప్పతాండాది! మాయమ్మతో పోట్లాడింది సాలలేదా?”

నా చేతిలోని బియ్యం లాక్కుని చిన్నకోడలికి ఇచ్చింది. మా ఆయన అక్కడే ఉన్నారు. “నోరు మూసుకో” అన్నారు నాతో. మూసుకోవడానికే రావడం లేదని ఆయనకు తట్టలేదు.

మర్నాటికి వంకర అందరికీ స్పష్టంగా కనబడింది. అప్పుడైనా తప్పు తెలుసుకున్నారా? “సచ్చినామె ఊరికే ఉంటాదా? సూపించింది” అన్నారు.

ఆసుపత్రికి తీసుకుపోయింది మా నాయనే. అక్కడి డాక్టరమ్మ నొసలు ముడెయ్యమంది. ఎడమవైపే ముడిపడింది. చెయ్యీ కాలూ కదిలించి చూసింది. “పక్షవాతం కాదు. అది మెదడుకు తగిలే దెబ్బ. అందులో నొసలు రెండువైపులా ముడిపడుతుంది. నీకు వాచింది మొహాన్ని కదిలించే నరం” అని చెవి వెనక వేలు పెట్టింది. మెదడు నుంచి మొహానికి పక్కకొక నరం వస్తుందట. చెవి దగ్గర ఎముకలోని సన్నటి దారిలో దూరి బయటపడి, నొసటికీ రెప్పకూ పెదవికీ కొమ్మలుగా చీలుతుందట. ఎముక సాగదు కదా, వాచిన నరం అందులోనే నలిగిపోయింది. చాలామందికి నెలల్లో బాగవుతుందని, కుడి రెప్ప మూతపడదు కాబట్టి పడుకునేటప్పుడు ఆ కంటికి గుడ్డ కట్టుకోమని చెప్పింది.

ఇదంతా మా వదినకు చెప్పాను.

“నరానికి సరిగ్గా మాయమ్మ పోయిన పొద్దే తీరికైందా?” అంది.

మూతి చాలావరకు సర్దుకుంది. కానీ సంవత్సరీకం నాడు పంక్తిలో ముద్ద నమలగానే కుడి కంట్లోంచి ధారగా నీళ్లు. కొంతకాలంగా ఏం తిన్నా అంతే. నరం తిరిగి పెరిగేటప్పుడు నోట్లో నీరూరించే పోగులు కొన్ని దారి తప్పి కన్నీటి వైపు పోతాయని డాక్టరమ్మ అంతకుముందే చెప్పింది.

మా వదిన చూసింది. ఏడాదిలో మొదటిసారి నా పక్కన కూర్చుని కొంగుతో నా చెంప తుడిచింది.

“ఊరుకో మే. ఇప్పుడు తెలిసొచ్చిందా మాయమ్మ విలువ? పోనీలే, ఆ పొద్దు నువ్వు నగింది మర్సిపోతాను.”

ఊఁ అంటే అయిపోయేది.

“నేను నగలేదు వదినా. ఇది ఏడుపూ కాదు, నరం పని. చారు తాగినా పాయసం తాగినా ఇంతే” అన్నాను.

కొంగు వెనక్కి తీసుకుంది. లేచి అవతలి పంక్తికి పోయింది. నేను కంటినీళ్లు తుడుచుకోకుండానే, ఒక్క మెతుకు వదలకుండా తిని లేచాను.