వంగని కడ్డీలు

ఆ ఎండాకాలం రాయచూరు దగ్గరి విద్యుత్ కేంద్రంలో నేను కొత్తగా చేరిన సివిల్ ఇంజనీర్ని. గుంటూరు వైపు నుంచి వచ్చాను. బొగ్గు యార్డు పక్కన కడుతున్న పంపుల గది నాకు అప్పగించారు. నాలుగు స్తంభాలు అప్పటికే పోశాం. ఇంకా ఎనిమిది పోయాలి.

ఒక పొద్దున కడ్డీలు వంచే మేస్త్రీ నన్ను కేకేశాడు. రాయచూరు మనిషి, మా నాన్న వయసు.

“సారూ, జర ఇటు రాండ్రి. గిదేంది, గిట్ల ఇరుగుతున్నది?”

అప్పటికే రెండు విరిగి పడున్నాయి. నా ముందే ఇంకో కడ్డీని మేకుల మధ్య పెట్టి పానాతో వంచాడు. సగం కూడా వంగకముందే పటుక్కున రెండు ముక్కలైంది.

“సర్టిఫికెట్లో బలం ఎక్కువే ఉంది కదా మేస్త్రీ,” అన్నాను.

“బలం ఉంటే ఉండనీ సారూ. వంచితే వంగాలె గద. స్తంభం చుట్టు ఏసే రింగుకు మూలనే తిరుగుతలేదు.”

కాలేజీలో కడ్డీని యంత్రానికి బిగించి లాగిన రోజు గుర్తొచ్చింది. మంచి ఉక్కు వెంటనే తెగదు. సాగుతుంది, నడుమ సన్నబడుతుంది, ఆ తర్వాతే తెగుతుంది. ఆ సాగే గుణం ఉంటేనే, భారం మించినప్పుడు కట్టడం ముందుగా పగుళ్లు చూపిస్తుంది, వంగుతుంది, లోపలివాళ్లు బయటపడేదాకా ఆగుతుంది. అది లేని ఉక్కు ఎంత బలమైనదైనా చెప్పకుండా విరుగుతుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. లోడు దిగిన రోజు మాత్రం బలం అంకె ఒక్కటి చూసి సంతకం పెట్టేశాను. సర్టిఫికెట్లో సాగుదల గడి ఖాళీగా ఉంది.

పోసిన నాలుగు స్తంభాల్లోనూ నిలువు కడ్డీలు ఆ లోడువే; రింగులు మాత్రం పాత కడ్డీలతో వంచినవి.

“ఒక ముక్క విరిగితే పని ఆపేస్తావా?” అన్నారు మా పై ఇంజనీరు, వెళ్లి చెప్పగానే.

“మూడు విరిగాయండీ. పరీక్షకు పంపిద్దాం.”

విసుగ్గా తలూపారు. ముక్కలు నేనే బస్సులో రాయచూరు తీసుకెళ్లి ల్యాబులో ఇచ్చాను.

ఫలితానికి నాలుగు రోజులు పట్టింది. అన్నం సహించలేదు. ఊరికే స్తంభాల చుట్టూ తిరిగేవాణ్ణి, అరచేత్తో తట్టేవాణ్ణి. తడితే ఏం తెలుస్తుంది? మేస్త్రీ చూసి, “పరేషాన్ గాకుండ్రి సారూ, ఇంక పైన కప్పు ఎయ్యలే గద,” అన్నాడు.

ఉండాల్సిన సాగుదలలో సగం కూడా లేదని కాగితం వచ్చింది. పై ఇంజనీరు చదివి, “పగలగొట్టించు,” అన్నారు. కేకలేయలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. రెండు రోజులు సుత్తుల చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాను. మిగిలిన లోడు లారీలో వెనక్కి పోయింది.

కొత్త కడ్డీలు దిగినప్పుడు మేస్త్రీ పానా నా చేతికే ఇచ్చాడు. “మీరే వంచుండ్రి.” వంచాను. మెల్లగా వంగి, వంగినట్టే నిలిచింది. అయినా మనసు కుదురుకోలేదు. చేరిన మొదటి వారంలో ప్రహరీ గోడ కడ్డీలకు కూడా నేనే సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్లకుండా స్టోరుకెళ్లి ఆ ఫైలు తీయించాను. సాగుదల అంకె ఉంది, సరిపోయింది కూడా. అప్పుడుగానీ ఆకలి తెలియలేదు.