ఎర్ర అంచు కుట్టిన పెరొనెల్

మా సేన్-దెనీ వీధిలో జెండాలు కుట్టే పెరొనెల్‌ది మంచి నోరు కాదని అందరూ అనేవారు. నిజమే. కానీ రాజవంశపు కొమ్మలన్నీ, అంటే దాయాదుల శాఖలన్నీ, జెండా గుడ్డల మీది గుర్తులను బట్టి ఆమెకు తెలుసు. నీలం మీద బంగారు లిల్లీ పూలు మాత్రమే ఉంటే అది రాజుది. పూలకు అడ్డంగా ఎర్ర పట్టీ పడితే బుర్బోఁ వాళ్లది. చుట్టూ ఎర్ర అంచు ఉంటే వాల్వా వాళ్లది. చిన్న కొమ్మ తన గుర్తు తీసేసిందంటే గద్దె మీద కన్నేసినట్టే.

"అంతా ఒక తాత మనవలే. ఒకడి పీట మీద ఇంకొకడి కన్ను," అనేది దారం కొరుకుతూ.

ఆ చలికాలంలో రాజు మగసంతానం లేకుండా చనిపోయాడు. రాణి కడుపుతో ఉంది. కొడుకు పుడితే వాడే రాజు, ఆడపిల్లయితే గద్దె వాల్వా కొమ్మకు పోతుంది. రెండు నెలలు ఊరు ఊరంతా ఒక్క కడుపు వైపే చూసింది.

అప్పుడే వాల్వా పక్షం పట్టిన ఒక ప్రభువు ఇంటి పెత్తందారు గోబెర్, గుమ్మానికి కట్టడానికి వాల్వా జెండా కావాలని వచ్చాడు. ఎర్ర అంచును మాత్రం కచ్చాకుట్టుతో వదిలేయమన్నాడు. ఆడపిల్ల పుట్టిన గంటలో దాన్ని లాగిపారేస్తే అదే రాజు జెండా అయిపోతుంది. పెరొనెల్ ముఖం చిట్లించి ఒప్పుకుంది. ఆమె చేసిన తప్పు అదే.

కుట్టుపనివాళ్ల సంఘం తరఫున పని తనిఖీ చేసేది ఎదెలిన్. ఇద్దరూ ఒకే యజమానురాలి దగ్గర పని నేర్చుకున్నారు. అప్పటినుంచీ ఒకరి గాలి ఒకరికి గిట్టదు. గోబెర్ జెండా చూసుకోవడానికి వచ్చిన రోజే ఎదెలిన్ కూడా వచ్చింది. అంచు కింద గోరు పెట్టి లాగింది. మూరెడు ఊడొచ్చింది.

వదులు కుట్టు పనిని గుమ్మంలోనే తగలబెట్టాలి, కుట్టినదాని పనిహక్కు కొట్టేయాలి. అది సంఘం కట్టడి.

"ఇలా కుట్టమని ఎవరు చెప్పారక్కా? పేరు చెప్పు," అంది ఎదెలిన్.

గోబెర్ తాను గట్టి కుట్టే అడిగానన్నాడు, కళ్లు కూడా ఆర్పకుండా. నిజం చెబితే రాజద్రోహం మాట అవుతుంది. ఉరి పెత్తందారుకు కాదు, తనకే పడుతుందని పెరొనెల్‌కు తెలుసు.

"పని ఇంకా కాలేదు. పూర్తికాని పనిని తనిఖీ చేయమని ఏ కట్టడిలో ఉందే?"

"అయితే నా కళ్లముందే ముగించు."

ముగించింది. మైనం పట్టిన జంటదారం అస్తరుదాకా దింపి, అంచు తాకిన ప్రతి పూరేకునూ దానితో కలిపి కుట్టేసింది. ఎదెలిన్ సాయంత్రందాకా కదల్లేదు. గట్టి కుట్టే అడిగానన్న గోబెర్ ఆ జెండానే పట్టుకుపోయాడు.

ఈస్టరుకు ముందు రాణి ఆడపిల్లను కన్నది. ఆ బిడ్డ పేరు అడిగినవాళ్లు లేరు. గోబెర్ జెండా పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చి అంచు తీయమన్నాడు. తీస్తే పూలు కూడా పోతాయంది పెరొనెల్. అతనే పట్టుకుని గుంజాడు. జెండా నిలువునా చిరిగింది. పని చెడగొట్టిందని, హక్కు కొట్టేయాలని సంఘానికి ఫిర్యాదు చేశాడు.

సాక్ష్యం ఎదెలినే చెప్పాలి. ప్రమాణానికి సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టింది. చిరుగును కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

"ఇది చెడ్డ మనిషి. ముప్పై ఏళ్లుగా ఎరుగుదును," అంది చివరికి. "కానీ గుడ్డ చిరిగింది, కుట్టు ఊడలేదు."

హక్కు నిలిచింది. బయటికొచ్చాక పెరొనెల్ దండం పెట్టలేదు.

"చెడ్డదాన్నని కూడా ప్రమాణం చేసే చెప్పావా?"

"దానికి ప్రమాణం దేనికి? వీధిలో ఎవర్నడిగినా చెప్తారు."

ఇద్దరూ చెరోవైపు నడిచారు. ఆ తరువాత ఆ ఇద్దరూ మాట్లాడుకోగా మేమెవరమూ వినలేదు.