సరోజమ్మగారు చూడమన్న ముఖం

అప్పుడే కడిగిన ఆసుపత్రి వరండాలో ఫినాయిల్ వాసన తగిలితే నాకు సరోజమ్మగారు గుర్తొస్తారు. మా అన్న శీనుకు మందులు రాయించడానికి మొన్న బళ్ళారి వెళ్ళినప్పుడూ అంతే. ఆమె మేడ మీది గదిలో మాకు చూపించిన పాత నలుపు తెలుపు సినిమా పిచ్చాసుపత్రిలో జరిగే కథ. దాని మొదటి దృశ్యంలో ఒక ఆయా వరండా కడుగుతూ ఉంటుంది. తెర మీంచి వాసన రాదు గానీ, ఆ రోజు నాకు వచ్చింది.

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన సరోజమ్మగారు, జీన్స్ ఉతికే యూనిట్లలో, ఆఫీసుల్లో పనిచేసే మాలాంటివాళ్ళను పోగేసి నాటకాలు వేయించేవారు. ఆ యేడు నాది మతి చెదిరినవాడి వేషం. రిహార్సల్‌లో జుట్టు పీక్కుని పగలబడి నవ్వాను. ఆమె చేయెత్తి ఆపారు.

“ఇట్ల నవ్వేవాళ్ళని యాడ చూసినావప్పా?”

“సినిమాల్లో మేడం.”

“అయితే ఇంగో సినిమా చూద్దువు గానీ, కూర్చో.”

అందులో డాక్టరు ఒక రోగిని పేరడుగుతాడు. దర్శకుడు డాక్టరును చూపించడు. కెమెరా రోగి ముఖం మీదే నిలిచిపోతుంది. ఆ నటుడు ఏమీ చేయడు. బొటనవేలితో చొక్కా గుండీని రుద్దుతూ ఉంటాడు, అంతే.

“ఆయప్ప ఏడ్చల్యా, చూడు. ఏడుపు ఆపుకుంటాండాడు. అదే కష్టం,” అన్నారామె. “అడిగినోడు ఈడ ముఖ్యం కాదు. జవాబు దొరకనోడి ముఖం చూడు.”

నేను చూడలేకపోయాను. అచ్చం అలాంటి ముఖం సంగనకల్లులో మా ఇంట్లోనే ఉంది. ఖనిజం లారీ తోలే మా అన్న మాట మానేసి, దగ్గరికి వెళ్తే మీదపడుతుంటే, నాన్న భయపడి గదికి బయట గడియ పెట్టారు. అడిగినవాళ్ళకు దోణిమలై గనుల్లో పనిలో ఉన్నాడని చెప్పుకునేవాళ్ళం. ఆమెకు మాత్రం నిజం చెప్పేశాను. ఆమె సినిమా ఆపి, “పొద్దున్నే వస్తా,” అన్నారు.

వచ్చారు. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“వద్దమ్మా. వాడు కొడ్తాడు.”

“కొడితే నాకే కదప్పా తగిలేది. తీయి.”

గడియ తీశారు. అన్న మూలన నిలబడి ఉన్నాడు. చేతిలో రాగి చెంబు, పైకెత్తి. సరోజమ్మగారు గుమ్మం దాటి, నేల మీద కూర్చున్నారు. “శీనప్పా, ఏం కావాల నీకు?” అని అడిగి ఊరుకున్నారు. చెంబు ఆమె తలకు సూటిగా ఉంది. నేను నోరు తెరవబోయాను.

“సుమ్నె ఉండు, మాట్లాడాకు,” అన్నారు, నా వైపు తిరగకుండానే.

ఆమె చూపు అన్న ముఖం మీంచి కదల్లేదు. బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. చెంబు మెల్లగా కిందికి దిగింది.

“తలుపు ముయ్యాకండి,” అన్నాడు అన్న.

ఎన్నాళ్ళకో విన్న గొంతు. నాన్న అక్కడే కూలబడి ఏడ్చారు. ఆ రోజే అన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆటోలో సరోజమ్మగారు వాడి పక్కనే కూర్చున్నారు.

మందులు వెంటనే పట్టలేదు. ఒకసారి మానేసి మళ్ళీ మొదటికి వచ్చాడు. అయినా మా నాటకం వేసిన రోజు ముందు వరుసలో కూర్చుని చూశాడు. “ఎట్లుండాది?” అని అడిగాను. “బాగుండాది. కానీ నువ్వు శానా మాట్లాడ్తాండావురా,” అన్నాడు. సరోజమ్మగారు అంత గట్టిగా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆమె ఇప్పుడు లేరు. అన్న మళ్ళీ లారీ ఎక్కలేదు గానీ, తమ్ముడు వరసైన ఒకరి టైర్ల షాపులో పనిచేస్తున్నాడు. ఇప్పటికీ కొన్ని రోజులు వాడికి మాటలుండవు. ఆ పూటల్లో పళ్ళెం ముందు వాడి ఎదురుగా కూర్చుంటాను. అమ్మకు కంగారు.

“పలకడేందిరా వీడు?”

“పలుకుతాడు, ఉండమ్మా,” అంటాను.