పద్మనాభంలో నాలుగు పూటల పాలు

వన్ టౌన్‌లో మా సందు చివర ఆటో ఎక్కేసరికి శుక్రవారం ఉదయం ఐదున్నర అయింది. కాంప్లెక్స్‌లో పద్మనాభం బస్సు ఆరుంపావుకి ఉందన్నారు, ఆరున్నరకి కదిలింది. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. ఒళ్లో బట్టల సంచి, దాని మీద పాలు కొలిచే జగ్గు, రికార్డు పుస్తకం.

కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపతో ఊరికి తిరిగి వెళ్తున్న ఒకామె నా పక్కన కూర్చుంది. జగ్గు వైపు చూసింది, నా మెడ వైపు చూసింది. “మీయాయన రాలేదేటమ్మా?” అంది. లేడన్నాను. ఊళ్లో లేడా అంది. ఎక్కడా లేడన్నాను. గంప ఒళ్లోకి లాక్కుని అటు తిరిగి కూర్చుంది. నా నోటి దురుసుకి నన్ను నేనే తిట్టుకున్నాను, మాట్లాడే మనిషి దొరికితే ఇలాగే పాడు చేసుకుంటాను.

అసలు నేను కమ్యూనిటీ కాలేజీలో పశుపోషణ కోర్సులో చేరిందే నలుగురితో మాట్లాడొచ్చని. నలభై ఆరేళ్లదాన్ని. పగలంతా మందుల షాపులో అట్టపెట్టెలకు టేపు అంటిస్తాను, ఇంటికొచ్చాక పలకరించే దిక్కు లేదు. సాయంత్రం క్లాసులన్నారు, చేరిపోయాను. దరఖాస్తులో ‘ఇంట్లో ఉన్న పశువులు’ అన్నచోట బల్లులని రాయబోయి ఆగాను. తీరా చూస్తే క్లాసులో అందరూ ఇరవై ఏళ్లవాళ్లు, అందరికీ నేను ఆంటీనే. ప్రాక్టికల్‌కి ఇద్దరిద్దరు చొప్పున జతకట్టమంటే ఇరవై మంది జతకట్టారు. ఇరవై ఒకటోదాన్ని నేను. ఒక రైతు ఇంట్లో వరసగా నాలుగు పూటలు ఒకే గేదెను చూసి, పాలు కొలిచి రాసుకు రావాలి. సారు తనకు తెలిసిన అప్పలనాయుడు గారి పేరు రాసిచ్చారు.

ఆనందపురంలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ మెత్తగా ఉంది, పచ్చడే మరీ కారం. ఎనిమిదింటికి పద్మనాభంలో దిగి, అడుగుతూ అడుగుతూ అరగంట నడిస్తే నాయుడు గారి ఇల్లు వచ్చింది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఒక్కరే ఉంటారు కాబట్టి నాకు బస ఎదురింట్లో, వరాలమ్మ గారి దగ్గర ఏర్పాటు చేశారు.

అన్నం పెడుతూ వరాలమ్మే సంగతంతా చెప్పింది. నాయుడు గారి భార్య పైడమ్మ పోయి మూడు నెలలైంది. గేదె దూడ అంతకు ముందే చచ్చిపోయింది. దూడ లేని గేదె ఒక్క పైడమ్మ చేతికే పాలు చేపేది, అంటే పొదుగులోకి పాలు దించేది. ఇప్పుడు ఒంటి మనిషికి గేదె ఎందుకని తమ్ముళ్లు పోరు పెడుతున్నారట. బేరగాడు రెండుసార్లు వచ్చి వెళ్లాడట. పాలిస్తున్నంతకాలం అమ్మేది లేదని నాయుడు గారు మొండికేశారట.

సాయంత్రం ఐదింటికి శాలలోకి వెళ్లాను. ఆయన నన్ను కాసేపు అటు తిరగమన్నారు. ఇటు తిరిగి చూసేసరికి లుంగీ మీద ఆకుపచ్చ చీర చుట్టుకుని, కొంగు తల మీద కప్పుకుని, గేదె పక్కన గొంతుకూర్చుని ఉన్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వేశాను కూడా.

“మా పైడి కోక కట్టుకుంటే గానీ ఇది సేపదమ్మా. మీ కాలేజీలో సెప్పకు, నవ్వుతారు” అన్నారు.

గేదె తల తిప్పి కొంగును వాసన చూసింది. పెద్దగా ఊపిరి వదిలి నెమరు వేయడం మొదలుపెట్టింది. చనుకట్లు నిండాయి. మూడు లీటర్లు. మర్నాడు ఉదయం మూడున్నర. పితుకుతున్నంతసేపూ ఆయన చిన్న గొంతుతో ఏదో చెబుతూనే ఉన్నారు, గేదెకో మరెవరికో. నేను గుమ్మం దగ్గర నిలబడి, వెళ్లిపోవాలో ఉండాలో తెలియక ఉండిపోయాను.

రికార్డులో ఒక గడి ఉంది: పాలు పితికేవారి దుస్తుల శుభ్రత. మా సారు ఏడాది పొడుగునా నూరిపోసిన పాఠం అదే. ఆ చీర చూస్తే పేడ మరకలు, ఎండిన పాల చారలు, అంచు నల్లగా మకిలి పట్టి ఉంది. రెండు పూటలూ ‘అశుభ్రం’ అని రాశాను. మార్కులు పోతాయన్న బెంగ ఉంది, కాదనను. పెద్దాయనకు చాకిరీ చేసేవాళ్లు లేరు, పోనీ ఆ చెయ్యి నేనే వేద్దామని కూడా ఉంది. శనివారం పదకొండింటికి ఆయన పొలం వెళ్లగానే శాలలో కొక్కేనికి ఉన్న చీర తీశాను. కుళాయి దగ్గర సర్ఫు వేసి నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, మూడు నీళ్లు పోశాను. ఎండలో ఆరేసరికి ఆకుపచ్చ రంగు తేలింది. మడత పెట్టి కొక్కెం పక్కన గట్టు మీద ఉంచాను. నిజం చెప్పాలంటే చాలా రోజుల తర్వాత ఒక ఇంట్లో మనిషిలా పని చేశానని సంతోషపడ్డాను.

ఆయన నాలుగున్నరకి వచ్చి మడత చూశారు. చేతిలోకి తీసుకున్నారు, ముఖానికి ఆనించుకున్నారు. మడత విప్పి, కొంగు వెతికి మళ్లీ వాసన చూశారు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

గేదె కొంగును వాసన చూసి, తుమ్మి, తల విసిరింది. పొదుగుకి గోరువెచ్చని నీళ్లు పెట్టాను, తవుడు పెట్టాను, క్లాసులో చెప్పినవన్నీ చేశాను. అది కాళ్లు మారుస్తూ గుమ్మం వైపే చూస్తోంది. జగ్గులో అడుగు కూడా తడవలేదు. ఆదివారం పొద్దున్నా అంతే. పొదుగు బిగుసుకుపోయి గేదె మూలిగింది.

క్షమించమని అడిగాను. ప్రతి ఆదివారం వస్తాను, దానికి అలవాటవుతాను, ఇంకొన్నాళ్లు ఆగండని బతిమాలాను. ఆయనకు కోపం లేదు. తిట్టినా బాగుండేది.

“ఈ కోక గేదెకనే ఉంచాననుకున్నావేటమ్మా?” అన్నారు. చీర కొక్కేనికి తగిలిస్తూ, “పోన్లే. బేరగాడికి ఫోన్ సేత్తాను. దాన్ని బాధ పెట్టడం దేనికి?” అన్నారు.

ఎనిమిదిన్నర బస్సుకి నన్ను ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చారు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరకొచ్చి, “మార్కులు పోవు కదమ్మా?” అని అడిగారు. పోవన్నట్టు తల ఊపాను.

ఆనందపురం దగ్గర సారు ఫోన్ చేశారు. జరిగింది చెప్పాను. నవ్వి, పాలు రాకపోవడానికి కారణం ‘పశువు బెదురు’ అని రాయమన్నారు. చీర ఉతికినందుకు శుభ్రత గడిలో ఫుల్ మార్కులు వేస్తానన్నారు. థాంక్యూ సార్ అని పెట్టేశాను.

ఈ కోర్సు చేసేవాళ్లు, ఆ వైపు వెళ్లేవాళ్లు ఉంటే చెబుతున్నాను. ఆరుంపావు బస్సు మంచిదే, సీటు దొరుకుతుంది. వరాలమ్మ గారి చేతి అన్నం కడుపు నింపుతుంది. దారి అడిగితే ఊరివాళ్లు విసుక్కోకుండా చెబుతారు. అంత మంచి చోటికి వెళ్లి, అంత మంచి మనిషికి, ఆ ఇంట్లో మిగిలిన రెండింటినీ ఒక్క పూటలో లేకుండా చేసి వచ్చాను. ఇది ఏ గడిలోనూ పట్టదు.

హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి నీళ్ల సీసా ఇచ్చింది.

“ఎవులైనా పోయారేటమ్మా?” అంది.

అవునన్నాను.

“ఏటవుతారు నీకు?”

“ఏమీ కారు,” అన్నాను. “ఆవిడ చీర ఉతికాను.”